గుంటూరు డాక్టరు సిస్టరమ్మ

మన చోడవరంలో గానీ, మాడుగులలో గానీ, రావికమతంలో గానీ రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరితే ఏం చేస్తాం? ముందు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి పరుగెడతాం. అక్కడ కుదరదంటే అనకాపల్లి, అక్కడా కాదంటే విశాఖపట్నం కె.జి.హెచ్. 2022 ఏప్రిల్ నుండి మన ఊరు అనకాపల్లి జిల్లాలో చేరినా, పెద్ద రోగం వస్తే మన కాళ్ళు ఇంకా విశాఖ వైపే నడుస్తాయి. ఆ పరుగులో మన కళ్ళన్నీ మన రోగి మీదనే ఉంటాయి. అది సహజమే. కాని వార్డులో మంచానికీ మంచానికీ మధ్య తిరుగుతున్న నర్సమ్మ ఆ పూట అన్నం తిన్నదో లేదో మనకు పట్టదు. సెలైను సీసా అయిపోయిందని నాలుగుసార్లు పిలుస్తాం. అయిదోసారి గొంతు పెంచుతాం.

ఆ నర్సమ్మ మన ఇంటి పిల్లే అయితే? ఈ ప్రశ్న ఊరికే వేయటం లేదు. మన విచారణలలో ఆడపిల్లను నర్సింగు చదివించిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫు దేశాలలో మన బిడ్డలు నైట్ డ్యూటీలు చేస్తున్నారు. ఫోనులో అమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయే పిల్లలు వాళ్ళు. పండుగకు సెలవు దొరకలేదని చెప్పి, గొంతు మారకుండా జాగ్రత్త పడే పిల్లలు. రోగిని నర్సు చూసుకుంటుంది. నర్సును ఎవరు చూసుకోవాలి?

ఈ ప్రశ్నను మన ఆంధ్ర దేశంలోనే, గుంటూరు పట్టణంలో, ఎనభై ఏళ్ళ క్రిందటే ఒక మఠకన్య మనసులో వేసుకున్నారు. ఆమె డాక్టరు. పుట్టింది ఆస్ట్రేలియాలో. ప్రాణం పెట్టింది తెలుగువాళ్ళకు. ఆమె పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ. మఠంలో ఆమెకు పెట్టిన పేరు తిరుహృదయ మేరీ సిస్టరు. ఈ వారం ఆమె జీవితాన్ని మీ ముందు పెట్టాలని ఆశిస్తున్నాను.

పల్లెటూరి పిల్ల

1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగుర్రా అనే చిన్న ఊళ్ళో మేరీ గ్లౌరీ జన్మించారు. తండ్రి ఎడ్వర్డ్, తల్లి మార్గరెట్. ఐర్లాండు మూలాలున్న కతోలిక కుటుంబం. తొమ్మిదిమంది బిడ్డలలో మేరీ మూడవది. తరువాత ఆ కుటుంబం వాచెమ్ అనే మరో ఊరికి చేరింది. అది గోధుమలు పండే మెట్ట ప్రాంతం. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. మన మెట్ట రైతులకు ఆ కష్టం చెప్పనక్కరలేదు.

ఆ ఇంట్లో రోజూ సాయంకాలం జపమాల చెప్పుకునేవారు. జపమాల చివర తల్లి ఒక ప్రత్యేక ప్రార్థన చేర్చేది. గురువుల కోసమూ, వైద్యుల కోసమూ చేసే ప్రార్థన అది. గురువుల కోసం ప్రార్థించే ఇళ్ళు మనలోనూ చాలా ఉన్నాయి. వైద్యుల కోసం రోజూ ప్రార్థించే ఇళ్ళు ఎన్ని? ఆత్మను చూసుకునేవారికీ, దేహాన్ని చూసుకునేవారికీ ఇద్దరికీ దేవుని తోడు కావాలని ఆ పల్లెటూరి తల్లికి తోచింది. ఆ ప్రార్థన వింటూ పెరిగిన పిల్లే ఒకనాటికి డాక్టరు అయింది.

మేరీ చదువులో చురుకైన పిల్ల. పదమూడేళ్ళ వయస్సులోనే రాష్ట్రమంతటికీ పెట్టిన పరీక్షలో స్కాలర్‌షిప్పు గెలుచుకుని మెల్బోర్న్ నగరం వెళ్ళింది. విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్ చదువులో చేరి, ఆ తరువాత వైద్యవిద్యకు మారింది. అప్పట్లో ఆడపిల్ల డాక్టరు కావటమంటే చుట్టాలూ పక్కాలూ నోళ్ళు నొక్కుకునే రోజులు. 1910లో ఆమె వైద్య పట్టా పుచ్చుకున్నారు. స్త్రీలకు ఆసుపత్రులలో రెసిడెంటు ఉద్యోగాలు దొరకటమే గగనమైన ఆ కాలంలో, సముద్రం దాటి న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేశారు.

తిరిగి మెల్బోర్న్ వచ్చాక ఆమె కంటి, చెవి ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ పనిచేశారు. పెద్ద డాక్టర్లందరూ ఉండే కాలిన్స్ వీధిలో స్వంత ప్రాక్టీసు పెట్టారు. 1916లో ఆ నగరంలో కతోలిక స్త్రీల సాంఘిక సంఘం ఏర్పడినప్పుడు దానికి మొట్టమొదటి అధ్యక్షురాలు ఆమెయే. స్త్రీల మేలు, పిల్లల మేలు, పనికి వెళ్ళే ఆడపిల్లల మేలు కోరి పుట్టిన సంఘమది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మంచి మనసు ఒక్కటే చాలదనీ, నలుగురు కలిసి సంఘంగా నిలబడితేనే పని నిలుస్తుందనీ ఆమె ఇండియాకు రాకముందే నేర్చుకున్నారు.

ఒక చిన్న పుస్తకం

1915 అక్టోబరు 24. ఆదివారం. పూజ ముగిసిన తరువాత మేరీ చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు వైద్యురాలి జీవితం. ఆమె అరవై ఒకటవ ఏట కతోలిక సభలో చేరారు. డెబ్బై ఏళ్ళు దాటాక ఇండియాకు వచ్చి, అప్పటి మన దేశంలోనే ఉన్న రావల్పిండిలో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి నిలబెట్టటానికి పాటుపడ్డారు. మగ డాక్టరు ముందుకు రావటానికి ఆచారం ఒప్పుకోక, ఆడ డాక్టరు దొరకక, ఘోషాలో ఉన్న ఆడవాళ్ళు పురిటి మంచంలోనే ప్రాణాలు వదలటం ఆమె చూశారు. మఠకన్యలే డాక్టర్లయితే ఈ చావులు తగ్గుతాయని ఆమె రోమునగరానికి వెళ్ళి మరీ మొరపెట్టుకున్నారు.

ఎందుకంటే అప్పటి శ్రీసభ చట్టంలో ఒక కట్టడి ఉండేది. ప్రత్యేక అనుమతి లేకుండా గురువులు గానీ, మఠవాసులు గానీ వైద్యవృత్తి చేయరాదు. మఠకన్యలు పురుడు పోయటం మరీ నిషిద్ధం. కన్యావ్రతానికి భంగం కలుగకూడదన్నది పెద్దల ఉద్దేశ్యం. ఉద్దేశ్యం మంచిదే కావచ్చు. కాని ఇక్కడ తల్లులు చనిపోతున్నారు. 1913లో మెక్‌లారెన్ కన్నుమూసే నాటికి ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆ పుస్తకం చదివి మేరీ మోకాళ్ళూనారు. తన పిలుపు ఏమిటో ఆమెకు ఆ రోజే తెలిసింది. కాని వెంటనే ఓడ ఎక్కలేదు. పైగా మళ్ళీ చదువు మొదలుపెట్టారు. స్త్రీల వ్యాధులు, ప్రసూతి, కంటి వైద్యం ముఖ్యంగా నేర్చుకుని 1919లో ఎం.డి. పట్టా సంపాదించారు. నాలుగేళ్ళు ఓపికపట్టారు. ప్రార్థన చేసేవాళ్ళు పనిలో అర్ధజ్ఞానంతో సరిపెట్టుకోరాదని ఆమె జీవితం మనకు చెబుతున్నది.

1920 జనవరి 21న ఆమె మెల్బోర్న్ విడిచారు. ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. అప్పటికి ఆమె వయస్సు 32 ఏళ్ళు. ఆ తరువాత ముప్పై ఏడేళ్ళు మన దేశంలోనే ఉన్నారు. పుట్టిన ఊరు మళ్ళీ చూడలేదు. తల్లికి ఉత్తరాలు రాశారు గానీ, తల్లి ముఖం మళ్ళీ చూడలేదు.

గుంటూరులో

హాలెండు దేశంలో 1822లో స్థాపించబడిన జేసు మరియ జోజప్ప సభ సిస్టర్లు 1904లోనే గుంటూరు వచ్చి ఉన్నారు. వారిని మనమంతా జె.ఎం.జె. సిస్టర్లు అంటాం. బడులు నడుపుతూ, ఒక చిన్న డిస్పెన్సరీలో మందులిస్తూ ఉండేవారు. మేరీ గ్లౌరీ ఆ సభలో చేరారు. కాలిన్స్ వీధి డాక్టరు ఇక్కడ నవదీక్షలో చిన్న సిస్టరై కూర్చున్నారు. పోపు 15వ బెనెడిక్టు గారి ప్రత్యేక అనుమతి దొరికింది. మఠకన్యగా ఉంటూ వైద్యం చేసిన మొట్టమొదటి డాక్టరుగా ఆమెను స్మరిస్తారు.

వ్రతాలు ముగిశాక అసలు పని మొదలైంది. ఆ డిస్పెన్సరీయే పెరిగి పెరిగి సెయింట్ జోసఫ్ ఆసుపత్రి అయింది. ఊళ్ళ నుండి బళ్ళు కట్టుకుని, నడిచి, మోసుకుని రోగులు వచ్చేవారు. కలరా, మలేరియా, కండ్లకలక, కాన్పు కష్టాలు. ఆమె తెలుగు నేర్చుకున్నారు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుండి అని రోగితో రోగి భాషలో మాట్లాడకపోతే వైద్యం సగమే అవుతుంది. మన నాటువైద్యాన్ని, మన మూలికలను కూడా ఆమె చిన్నచూపు చూడలేదు. వాటిని చదివి, పనికివచ్చేవి వాడారు. పరాయి దేశం నుండి వచ్చిన ఎం.డి. డాక్టరు మన పెరటి మొక్కల దగ్గర విద్యార్థిని అయ్యారు.

చూసిన రోగుల సంఖ్య ఏళ్ళు గడిచేకొద్దీ లక్షలకు చేరింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇలాంటి అంకె వినగానే మనం ఆహా అంటాం. కాని ఆ అంకె వెనుక ఏముంది? చాలాకాలం పాటు దాదాపు ఒంటరిగా ఒక డాక్టరు. గుంటూరు ఎండ. పగలంతా ఓపీ. రాత్రి కాన్పు. తెల్లవారితే పూజ, మఠం నియమం, మళ్ళీ వరుస. చేయి చాచిన ప్రతి ఒక్కరూ ఆమెకు క్రీస్తునాధుడే. కాని చేతులు మాత్రం రెండే.

ఇలాంటి చోట మంచివాళ్ళు రెండు రకాలుగా చెడిపోతారు. కొందరు పనిలో పడి కరిగిపోతారు. కొందరు కరిగిపోకుండా ఉండటానికి రాయి అయిపోతారు. రోగి ఏడ్చినా వినపడనట్టు ఉండటం అలవాటు చేసుకుంటారు. ఈ రెండవ రకాన్ని మనం ఆసుపత్రులలో చూసి తిట్టుకుంటాం. కాని వాళ్ళు రాళ్ళుగా పుట్టలేదు. ఒక్కరి మీద ముప్పై నలభై మంచాల భారం పెడితే మెత్తని మనసు కూడా గట్టిపడుతుంది.

సిస్టర్ మేరీ ఏం చేశారు? రెండు పనులు చేశారు. ఒకటి, ప్రార్థనను పనికి బలి ఇవ్వలేదు. దివ్యసత్ప్రసాద సన్నిధిలోనే ఆమె తన బలం వెదుక్కునేవారు. రెండవది, తన రెండు చేతులు చాలవని తెలిసినప్పుడు తానే ఇంకా ఎక్కువ పరుగెత్తాలని అనుకోలేదు. చేతులు పెంచాలనుకున్నారు. స్థానిక యువతులను చేరదీసి నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా తర్ఫీదు ఇచ్చారు. అప్పటికి నర్సు పని అంటే మన సమాజంలో గౌరవం లేదు. రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పని అని మంచి కుటుంబాలవాళ్ళు పిల్లలను పంపేవారు కారు. అలాంటి రోజులలో, చదువూ కొలువూ లేని ఆడపిల్లల చేతికి ఆమె విద్య, వృత్తి, గౌరవం అందించారు. ఈనాడు మన ఇళ్ళలో తెల్ల కోటు వేసుకున్న ఆడపిల్ల ఫోటో గోడమీద ఉందంటే, ఆ వరుసలో వెనక్కు నడుస్తూ పోతే గుంటూరు ఆసుపత్రి వరండా కూడా వస్తుంది.

తలుపు తెరుచుకున్నది

1936 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు, రోమునగరం నుండి ఒక ఉత్తర్వు వెలువడింది. మిషను దేశాలలో మఠకన్యలు వైద్యమూ, ప్రసూతి సేవా చేయవచ్చునని, అందుకు తగిన చదువు చదువుకోవాలని శ్రీసభ ఆదేశించింది. మెక్‌లారెన్ మొరపెట్టుకున్న కోరిక ఆమె పోయిన 23 ఏళ్ళకు నెరవేరింది. అప్పటికి మేరీ సిస్టరు పదహారేళ్ళుగా గుంటూరులో ఉన్నారు. అలాంటి సేవ సాధ్యమేననీ, వ్రతానికి దానివల్ల భంగం రాదనీ ఆమె జీవితమే సాక్ష్యంగా నిలిచి ఉన్నది. తరువాత 1992లో పోపు రెండవ జాన్ పాల్ గారు అదే ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. ప్రతి ఏడూ మన విచారణలలో ఆ రోజున రోగులకు అభ్యంగనం ఇస్తున్నప్పుడు, మఠకన్యలకు ఆసుపత్రి తలుపు తెరిచిన రోజు కూడా అదేనని గుర్తుచేసుకోండి.

మార్తమ్మ పండుగనాడు

ఇప్పుడు ఆమె చేసిన అన్నింటికంటే పెద్ద పనికి వద్దాం. అది ఆపరేషను గదిలో చేసింది కాదు. బల్ల చుట్టూ కూర్చుని చేసింది.

1943. ప్రపంచ యుద్ధం సాగుతున్నది. బెంగాలులో కరవుతో జనం రాలిపోతున్నారు. ఆ ఏడే అప్పటి ప్రభుత్వం దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించటానికి భోర్ కమిటీని నియమించింది. 1946లో వచ్చిన ఆ కమిటీ నివేదికలోని అంకెలు చూస్తే గుండె బరువెక్కుతుంది. దాదాపు 6,300 మందికి ఒక డాక్టరు. 43,000 మందికి ఒక నర్సు. దేశమంతటా కలిపి నర్సులు 7,000 మంది. ఆ కొద్దిమందికైనా తగిన జీతం లేదని, ఉండటానికి సరైన వసతి లేదని, పని గంటలకు హద్దు లేదని ఆ నివేదికే ఒప్పుకున్నది.

ఆ రోజులలో మన దేశమంతటా మఠకన్యలు నడిపే చిన్న చిన్న ఆసుపత్రులు, డిస్పెన్సరీలు చెల్లాచెదురుగా ఉండేవి. ఎవరి సభ వారిది. ఎవరి కష్టం వారిది. ఒకచోట మందులు అయిపోతే ఇంకొకచోట తెలియదు. ఒక సిస్టరుకు వైద్యనీతి విషయంలో సందేహం వస్తే అడిగే పెద్దదిక్కు లేదు. ఒక్క సిస్టరు జబ్బుపడితే ఆ డిస్పెన్సరీకి తాళమే.

1943 జూలై 29న మేరీ సిస్టరు మరికొందరు సిస్టర్లతో గుంటూరులో సమావేశమయ్యారు. అంతా కలిసి పదహారు మంది. ఆనాడు వారు స్థాపించినదే కతోలిక ఆసుపత్రుల సంఘం. పదహారు మంది మఠకన్యలు, చేతిలో పెద్ద నిధులు లేవు, బయట యుద్ధం. అయినా దేశమంతటి కతోలిక ఆసుపత్రులను ఒక్క తాటిమీదకు తేవాలని పూనుకున్నారు.

జూలై 29 ఎవరి పండుగో మీకు తెలుసు. పునీత మార్తమ్మ పండుగ. 2021 నుండి ఆ రోజున మార్త, మరియ, లాజరు ముగ్గురినీ కలిపి స్మరిస్తున్నాం. సువార్తలో మార్తమ్మ వంటింట్లో ఒంటరిగా సతమతమవుతూ, చెల్లెలు తనకు సాయం చేయటం లేదని ప్రభువుతో మొరపెట్టుకుంది. ప్రసంగాలలో మనం సాధారణంగా మార్తమ్మను మందలించి వదిలేస్తాం. కాని ఆమె ఫిర్యాదులో ఒక సత్యం ఉంది. ఒక్కదాన్నే చేస్తున్నానన్నది ఆమె బాధ. సేవ కంటే సేవలోని ఒంటరితనమే మనిషిని ఎక్కువ అలిసిపోజేస్తుంది. ఆ పండుగనాడే గుంటూరులో పదహారు మంది మార్తలు ఒకచోట చేరి, ఇక మనలో ఎవరూ ఒంటరిగా చేయనక్కరలేదని నిశ్చయించుకున్నారు. సిస్టరమ్మ చూపిన మందు అదే. ఒంటరి మార్తకు విశ్రాంతి బోధించినంత మాత్రాన సరిపోదు, తోడు కూడా ఇవ్వాలి.

ఆ సంఘం ద్వారా సభలు సభలతో మాట్లాడుకున్నాయి. వైద్యనీతి మీద, తర్ఫీదు మీద ఒక్కమాటగా నిలబడటం నేర్చుకున్నాయి. మన దేశంలో ఒక కతోలిక వైద్య కళాశాల రావాలని మేరీ సిస్టరు కలగన్నారు. ప్రాణం విలువ తెలిసిన డాక్టర్లు అక్కడ తయారు కావాలని ఆమె ఆశ. ఆ కోరిక తీరకుండానే ఆమె పోయారు. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది.

డాక్టరే రోగి అయినప్పుడు

చివరి రోజులలో ఆమెకు క్యాన్సరు సోకింది. ఇతరుల నొప్పికి ముప్పై ఏడేళ్ళు మందు రాసిన చేతులు మంచం మీద కదలలేకపోయాయి. ఆ బాధ ఎలా ముదురుతుందో డాక్టరుగా ఆమెకు ముందే తెలుసు. తెలిసి భరించటం తెలియక భరించటం కంటే కష్టం. తాను తిరుహృదయం పేరు పెట్టుకున్నందుకు ఆ హృదయంతోనే తన నొప్పిని కలిపి అర్పించుకున్నారు. 1957 మే 5న బెంగుళూరులో ఆమె ప్రభువులో నిద్రించారు. వయస్సు 69 ఏళ్ళు.

ఆమె పోయినా ఆసుపత్రి మూతపడలేదు. గమనించండి, ఇది చిన్న విషయం కాదు. ఒక గొప్ప మనిషి చుట్టూ అల్లుకున్న సంస్థలు ఆ మనిషితోనే రాలిపోవటం మనం ఎన్నిసార్లు చూడలేదు? గుంటూరు ఆసుపత్రి నిలిచింది, ఎందుకంటే పని తెలిసిన చేతులను ఆమె తయారుచేసి పోయారు. పదహారు మందితో మొదలైన సంఘం ఈనాడు భారత కతోలిక ఆరోగ్య సంఘం అనే పేరుతో, సికింద్రాబాదు కేంద్రంగా, మూడు వేలకు పైగా సభ్య సంస్థలతో పనిచేస్తున్నది. వాటిలో చాలా భాగం పెద్ద పట్టణాలలో కాదు, డాక్టరు దొరకని మారుమూల పల్లెలలో ఉన్నాయి. 2020, 2021లలో కోవిడ్ వచ్చి, సొంత బంధువులే దగ్గరికి రావటానికి జంకిన రోజులలో, ఎందరో మఠకన్యలు, నర్సులు వార్డులు వదలకుండా నిలబడ్డారు. కొందరు ఆ సేవలోనే అసువులు బాశారు.

2013 మార్చి 27న ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీత పట్టం వైపు మొదటి మెట్టు అది. గుంటూరు మేత్రాసనంలో ఆ పని ప్రారంభం కావటం మన తెలుగు శ్రీసభకు దక్కిన గౌరవం.

మనకు ఏమిటి?

ప్రియ పాఠకులారా, ఇలాంటి జీవితాలు చెప్పుకునేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఆ సిస్టరమ్మ అన్ని లక్షల మందిని చూసింది, నువ్వు ఈ ఒక్క రాత్రి డ్యూటీకి సణుగుతున్నావేమిటి అని మన నర్సులను అదిలించటానికి ఆమె జీవితాన్ని కర్రలా వాడుకోవచ్చు. దయచేసి అలా చేయకండి. త్యాగం ఇచ్చేవారిది. ఇంకొకరు లాక్కుంటే అది త్యాగం కాదు, దోపిడీ. తన ప్రాణాన్ని ధారపోయటానికి సిస్టర్ మేరీ స్వేచ్ఛగా ఒప్పుకున్నారు. కాని తన చేతి క్రింది ఆడపిల్లలకు మాత్రం విద్య ఇచ్చారు, తోడు ఇచ్చారు, సంఘం ఇచ్చారు. అందులోనే ఆమె తెలివి, ఆమె ప్రేమ రెండూ ఉన్నాయి.

మంచి సమరయుని కథ మనందరికీ కంఠతా వచ్చు. గాయపడ్డవాణ్ణి అతడు సత్రానికి తీసుకువెళ్ళాడు. కాని మనం తరచుగా మరచిపోయేది ఒకటుంది. సత్రం యజమానిని ఊరికే చూసుకోమని అతడు వెళ్ళిపోలేదు. రెండు దీనారాలు చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. అంటే రోగి మీద దయ చూపిన ఆ మనిషి, రోగిని చూసుకునేవాడి కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ప్రభువు కూడా అపోస్తలులు తినటానికైనా తీరిక లేకుండా అలసిపోయినప్పుడు, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం సేపు విశ్రమించమని వారిని పిలిచాడు. విశ్రాంతి సోమరితనం కాదు. అది ప్రభువే ఇచ్చిన ఆజ్ఞ.

కనుక మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పెద్ద ఖర్చు లేనివే. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రోగి మంచం చుట్టూ పదిమంది గుమిగూడకుండా ఒక్కరే ఉందాం. నర్సమ్మను పేరుతో, మర్యాదతో పిలుద్దాం. ఆలస్యమైతే అరవకముందు ఆమె చేతిలో ఎన్ని మంచాలున్నాయో ఒకసారి చూద్దాం. ఇంటికి సెలవుమీద వచ్చిన నర్సు కూతురిని రెండు పూటలు నిద్రపోనిద్దాం. వచ్చినరోజే ఊరందరి బి.పి. ఆమె చేత చూపించకుండా ఉందాం. అల్లుడింటివారు కూడా ఆ అమ్మాయి జీతం ఎంత అని అడిగినంత శ్రద్ధగా, ఆమె ఎన్ని గంటలు నిలబడుతున్నదని అడిగితే బాగుంటుంది.

మన సంస్థలను నడిపే పెద్దలకు కూడా వినయంగా ఒక మాట. మన ఆసుపత్రి గోడమీద శిలువ ఉన్నంత మాత్రాన అక్కడ పనిచేసేవారి అలసట తీరదు. న్యాయమైన జీతం, వారానికొక విశ్రాంతి దినం, రాత్రి డ్యూటీ చేసినవారికి తిండీ నిద్రా, కష్టం చెప్పుకోవటానికి వినే చెవి, ఇవన్నీ కూడా సువార్త సేవలో భాగమే. నర్సులూ, ఆయమ్మలూ కుదురుగా ఉన్నచోట రోగి కూడా కుదురుగా ఉంటాడు. వాళ్ళు ఏడాదికొకరు మారిపోయేచోట యంత్రాలెన్ని కొన్నా వైద్యం నిలవదు. విచారణకర్తలు కూడా వీలైతే, నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చేవారి కోసం ఆదివారం పూజవేళను ఒకసారి ఆలోచించాలని మనవి.

చివరగా, ఆ పల్లెటూరి తల్లి మార్గరెట్ గారి జపమాల. ఈ రాత్రి మీ ఇంట్లో జపమాల ముగిశాక ఒక్క పరలోక జపం, ఒక్క మంగళవార్త జపం అదనంగా చెప్పండి. ఎక్కడో ఒక వార్డులో, నీలి దీపం వెలుతురులో, కాళ్ళు వాచి నిలబడి ఉన్న నర్సమ్మ కోసం చెప్పండి. ఆమె పేరు మీకు తెలియకపోయినా పరవాలేదు, ప్రభువుకు తెలుసు. మీ ఇంటి పిల్లే అయితే పేరు పెట్టి చెప్పండి.

తిరుహృదయ మేరీ సిస్టరు ప్రార్థనా సహాయం మన రోగులకూ, వారిని చూసుకునేవారికీ కలుగుగాక. ఆమెన్.